లేని ఒడ్ల మీద

లింగాల ఘనపూర్ దగ్గర మా పొలాలన్నీ చదును చేసి, ప్లాట్లకు రాళ్లు పాతారు. మా పెద్దబాపు మాత్రం ఆ ఖాళీ నేలలో తిన్నగా నడిచేవాడు కాదు. ఒకప్పుడు మడికీ మడికీ మధ్య గట్టు, మా పొలం ఒడ్డు, ఎక్కడ మలుపు తిరిగిందో అక్కడ తనూ తిరిగేవాడు.

"అడ్డంగ పోవచ్చు గద, పెద్దబాపూ" అన్నాను ఒకసారి, ఎండకు విసుగొచ్చి.

"నాటేసిన మడిల కాలు పెడ్తరా, బిడ్డా?"

చేసేదిలేక ఆయన వెనకే చుట్టూ తిరిగాను.

మొన్న వెళ్తే, ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగానే నడిచొచ్చాడు.

"ఒడ్డు మీదికెళ్లి వస్తలేవేంది?" అని అడిగాను.

ఆగి, కాళ్ల కిందికి చూసుకున్నాడు.

"యాడున్నదో యాదికొస్తలేదు. నీకు యాదికున్నదా, బిడ్డా?"

నేనెప్పుడూ ఆయన కాళ్లనే చూస్తూ నడిచాను. ఒడ్డును చూడలేదు.