దేవుడి మాట ఎత్తొద్దన్నాయన

తెనాలిలో మా సేవా క్లబ్బు కార్యదర్శి గారు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. బాపట్ల నుంచో రేపల్లె నుంచో వచ్చిన వక్త మాట్లాడుతుంటే, ఈయన సెల్‌ఫోను పట్టుకుని గుమ్మానికీ వేదికకీ మధ్య తిరుగుతూనే ఉండేవారు. నన్ను ఉపన్యసించమన్న రోజున మెట్ల మీదే ఆపారు.

"అయ్యగారూ, తాగుడు గురించి ఎంతసేపైనా చెప్పండి. దేవుడి మాట మాత్రం ఎత్తొద్దండి. క్లబ్బు రూలు."

చర్చిలో వాక్యం చెప్పడమే తప్ప మరొకటి ఎరగని నాకు ఆ సాయంత్రం నోరు కట్టేసినట్టయింది.

తర్వాత రేపల్లెలో క్లబ్బు కంటి శిబిరం పెట్టింది. మా చర్చి సంఘంలోని కొల్లిపర ముసలమ్మను ఆపరేషన్‌కు ఒప్పించి బస్సెక్కించింది కార్యదర్శి గారే. ఆమెకు ఒక కంటి చూపు అప్పటికే పోయింది. తీరా ఆపరేషన్ గది ముందుకొచ్చాక భయపడి, ఇంటికి పోతానని లేచింది.

"అయ్యగారు ప్రార్థన చేస్తేనే లోపలికెళ్తా" అని నా చెయ్యి పట్టుకుంది.

నేను కార్యదర్శి గారి వైపు చూశాను. ఆయన వరండా చివరిదాకా నడిచి, తిరిగి వచ్చారు.

"కానివ్వండి. త్వరగా కానివ్వండి."

ప్రార్థన అయ్యాక ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లింది. తలుపు మూశారు. నేను బయటికి నడుస్తుంటే ఆయన వెనకే వచ్చి గొంతు తగ్గించారు.

"అయ్యగారూ, ఇంకొక్కటి చేయండి. డాక్టరు గారి చెయ్యి వణక్కుండా."