నేస్తం వదిలి వెళ్లిన మూట

కాపుకొచ్చిన కొబ్బరి చెట్లు ఇరవై మూడు. గడ్డివాము ఒకటి. చూలావు ఒకటి. మా నాన్న కుడిచేతి వేళ్లు రెండు. మా అమ్మ ఎడమ చెవి తమ్మె. ఒక్క పొద్దున, ఎండ ముదరకముందే, మా ఇంట్లో పోయినవి ఇవి. వీటిని నేను ఎక్కడా రాసిపెట్టుకోలేదు. రాయకపోయినా చెరగని లెక్కలు మనిషికి కొన్ని ఉంటాయి.

ఇప్పుడెందుకు గుర్తొచ్చాయంటే, మొన్న మా కోడలి తరఫు చుట్టాలు మా ఇంట్లో రెండు రోజులుండి వెళ్లారు. వెళ్లాక చూస్తే గోడ దగ్గర ఫోను ఛార్జరు ఒకటి వేలాడుతూ ఉంది. దాన్ని తుడిచి, తీగ చుట్టి, సంచిలో పెట్టి బీరువా మీద భద్రం చేశాను. మా కోడలు నవ్వి, వాళ్లకు ఫోను చేసి అడిగితే, ఇంకోటి కొనేసుకున్నాం, దాన్ని పారెయ్యండి అన్నారట. పారెయ్యండి అన్న ఆ మాట నాకు రెండు రోజులు అరగలేదు.

పూండి స్టేషనుకు సముద్రం వైపున్న ఉద్దానం ఊళ్లలో మాదొకటి. కొబ్బరి, జీడిమామిడి, కాళ్ల కింద ఇసక, గాలిలో ఉప్పు. తొంభైల చివర్లో సంగతి ఇది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. బడి ఏడో తరగతితో ఆగిపోయినా, కొబ్బరి రాశుల దగ్గర కాయలు లెక్కపెడుతూ, తరవాత పలాసలో జీడిపప్పు డబ్బాలు లెక్కపెడుతూ, నా లెక్కలు నేనే నేర్చుకున్నాను. ఈనాటికీ ఏది చూసినా ముందుగా ఎన్ని అని అడుగుతుంది నా మనసు.

మా నాన్నకు ఒక నేస్తం ఉండేవాడు. నా తరం వాళ్లకు చెప్పక్కరలేదు గాని, నేస్తం అంటే ఉత్త స్నేహితుడు కాదు. చిన్నప్పుడు అమ్మవారి సంబరంలో పెద్దల ఎదుట కొత్త బట్టలు మార్చుకుని, నేస్తం కట్టుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు మరొకరు పలకరు. నేస్తం అనే పిలుచుకుంటారు. ఒకరింట్లో చావైతే రెండో ఇంట్లో మైల పడతారు. ఒకరి అప్పు రెండోవాడికీ అప్పే. మా నాన్న రైతు, ఆయన నేస్తం సముద్రంలో చేపల వేటకెళ్లే మనిషి. కులం వేరు, ఊరు వేరు, అయినా మేము ఆయన్ను చిన్నాన్న అనే పిలిచేవాళ్లం. వచ్చినప్పుడల్లా ఒక చేతిలో చేపలు, రెండో చేతిలో ఏదో ఒక హాస్యం తెచ్చేవాడు.

ఆ ఏడు మాత్రం ఉత్త చేతులతో వచ్చాడు. నెత్తి మీద తువ్వాలు నెత్తురుతో అట్టకట్టి ఉంది, చంకలో ఒక మూట ఉంది. రెండు పల్లెలవాళ్లు సముద్రంలో ఒకరి వలల మీద ఒకరు వలలు వేసుకున్నారని మాట మాట పెరిగి, తెడ్లతో కొట్టుకున్నారని, ఒక తెప్ప బోల్తా పడిందని, అవతలి పల్లె కుర్రవాడొకడు నీళ్లలో పడి మళ్లీ పైకి రాలేదని మాకు అప్పటికే తెలిసింది. చిన్నాన్న ఏమీ చెప్పలేదు, మా నాన్న ఏమీ అడగలేదు. అమ్మ వేడినీళ్లతో తువ్వాలు నానబెట్టి విప్పితే, చెవి దగ్గర నుంచి నడినెత్తి దాకా చీలిక కనిపించింది. పది రోజుల పాటు వెనకగదిలోనే ఉన్నాడు. ఆ పది రోజుల్లో ఒక్క హాస్యమూ ఆడలేదు. గాయం అతుక్కోగానే, గుజరాత్ రేవుల్లో పడవల మీద పనుందని పూండి వెళ్లి రైలెక్కేశాడు. వెళ్తూ ఆయన అన్నది ఒక్కటే.

"నేస్తం, ఈ మూటుండనీ. నాను తిరిగొచ్చి అట్టుకెల్తాను."

మూటలో ఒక లుంగీ, ఒక చొక్కా, వల అల్లే సూది, సగం తడి ఆరని ఒక వల ఉన్నాయి. చుట్టం వదిలిన వస్తువును చుట్టం వదిలినట్టే ఉంచాలన్నది మా నాన్న పద్ధతి. కాని మా అమ్మ పద్ధతి వేరు: చుట్టం వస్తువు వాళ్లు వదిలినదానికంటే శుభ్రంగా తిరిగి వెళ్లాలి. ఆయన వెళ్లిన నాలుగు రోజులకు మూట కంపు భరించరానిదైంది. అమ్మ మూట విప్పి, లుంగీ, చొక్కా ఉతికి, వలను నూతి నీళ్లతో జాడించి, జీడితోట కంచె మీద బారుగా ఆరేసింది. వేటకెళ్లే ఇంట్లో పుట్టిన ఏ ఆడదీ ఆ పని చేసి ఉండేది కాదు. రైతు ఇంటి కంచె మీద వల ఆరడమంటే, ఆ ఇంట్లో ఎవరున్నారో ఊరంతటికీ దండోరా వేసినట్టే. పక్కింటి పిన్ని కంచె అవతల నిలబడి నవ్వింది.

"ఏటక్కా, బావ నాగలొదిలీసి తెప్పెక్కుతన్నాడేటి?"

"ఎక్కితే నీకే ముందు సేపలెడతాం, ఎల్లు," అంది అమ్మ.

ఆ మధ్యాహ్నమే ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని అవతలి పల్లె ముసలమ్మ ఒకామె మా వీధిలోకి వచ్చింది. కంచె దగ్గర ఆగింది. వల మూలన, పైతాడు ముడిలో ఇరికించి ఉన్న ఎర్రగుడ్డ పేలికను పట్టుకు చూసింది. అమ్మ చేపలు బేరమాడబోతే, ఇవ్వాళ అమ్మడం లేదంటూ, నిండు గంపతోనే తిరిగి వెళ్లిపోయింది.

మర్నాడు అవతలి పల్లె తెప్ప యజమాని ఒకడు ఇద్దరు మనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, మర్యాదగానే వచ్చాడు, చెప్పులు బయటే విడిచాడు, మంచినీళ్లు తాగాడు.

"బావా, నీ ఇంట్లో మా వలుంది. ఇచ్చీ, ఎల్లిపోతాం."

"వలుంది," అన్నాడు మా నాన్న. "నీదో కాదో నాకెరికనేదు. నాకిచ్చినోడు నా నేస్తం. ఆడొచ్చి అడిగితే ఆడికిత్తాను."

"ఆడు దొంగతనంగా లాక్కొచ్చినాడు."

"ఆ మాట ఆడితో సెప్పు."

"ఆడెక్కడున్నాడు?"

నాన్న మంచినీళ్ల చెంబు తీసుకుని లోపలికి వెళ్లాడు. ఆ మనిషి లేచి, చెప్పులు తొడుక్కుని, మళ్లీ వస్తామని మాత్రం అన్నాడు. ఆ సాయంత్రం నాన్న, నేను కలిసి పశువుల కుడితి గోలెం జరిపి, దాని కింద ఇసకలో వల పాతిపెట్టి, గోలెం మళ్లీ యథాస్థానంలో పెట్టాం. ఎక్కడుందో మా ముగ్గురికే తెలుసు.

వాళ్లు వారం తరవాత, తెల్లవారి వెలుగు పడుతున్న వేళ వచ్చారు. ముప్పై ఏడుగురు. తెడ్లు, కత్తులు, నిచ్చెనలు. నిచ్చెనలు ఎందుకో మొదట అర్థం కాలేదు. ఇల్లంతా తిరగేశారు, ధాన్యం గాదె ఒలకబోశారు, అటక మీది కుండలు ఒక్కొక్కటే నేలకేసి కొట్టారు, పీచుగుట్ట తవ్విపోశారు. వల దొరకలేదు. అప్పుడు నాన్నను జుట్టు పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకొచ్చి, కొబ్బరి చెట్టు మొదట్లో కూలదోశారు. అడ్డుపడిన అమ్మను చెవికమ్మ పట్టుకుని ఒకడు ఇవతలికి లాగాడు, తమ్మె చీరుకుని కమ్మ వాడి చేతిలోకి వచ్చేసింది. తెప్ప యజమాని వాడి చేతిలోంచి ఆ కమ్మ లాక్కుని, అమ్మ కాళ్ల దగ్గర పడేశాడు.

"మనం దొంగలం కాంరా," అన్నాడు. తరవాత నాన్న వైపు తిరిగి, "వలెక్కడ?" అన్నాడు.

నాన్న నేలవైపు చూశాడు. ఒకడు నిచ్చెన ఎక్కి మొదటి చెట్టు మొవ్వు నరికాడు. కొబ్బరి చెట్టును మొదలంటా నరకనక్కరలేదు. నడినెత్తిన ఉండే ఆ లేతమొవ్వు నరికేస్తే చాలు, చెట్టు నిలబడే చస్తుంది. ఎనిమిదేళ్ల చెట్లు, నిచ్చెన వేస్తే మొవ్వు అందే ఎత్తువి. నాన్న బిందెలతో నీళ్లు మోసి పెంచినవి. వలెక్కడ అని అడగడం, నాన్న నేలవైపు చూడడం, కత్తి పడడం. నా చేతులు ఇద్దరు వెనక్కి విరిచి పట్టుకున్నారు, నోరు మాత్రం ఎవరూ మూయలేదు. నేను నిలబడ్డ చోటికి పది అడుగుల్లో గోలెం. ఒక్క మాట చాలు. పదో చెట్టు దగ్గర ఆ మాట నా నాలుక మీదికొచ్చింది. అమ్మ చెవి పట్టుకుని, వేళ్ల మధ్య నుంచి నెత్తురు కారుతుండగా, నావైపే చూస్తోంది. నేను నోరు మూసుకుని చెట్లు లెక్కపెట్టాను. ఇంకేం చేయగలను.

ఇరవై మూడో చెట్టు అయ్యాక, చిన్న వయసు వాడొకడు సహనం పోయి, నాన్న చెట్టును పట్టుకుని ఉన్న చేతి మీద కత్తి దించాడు. రెండు వేళ్లు ఇసకలో పడ్డాయి. నాన్న అరవలేదు, గొంతులోంచి ఏదో గాలి మాత్రం వచ్చింది. తెప్ప యజమాని తెడ్డు ఎత్తి, తన మనిషినే వీపు మీద కొట్టాడు. అంతటితో వాళ్లు తిరిగారు. తిరిగి వెళ్తూ ఎవడో గడ్డివాముకు నిప్పు పెట్టాడు. పక్కనే కట్టి ఉన్న చూలావు తాడు తెంపుకోలేకపోయింది. దాని అరుపు గురించి నేను ఇంతకన్నా రాయలేను.

టెక్కలి ఆసుపత్రిలో, కాయలు ఒలుస్తుంటే కత్తి జారిందని నాన్న చెప్పాడు. పోలీసులకు చెబితే నేస్తం పేరు చెప్పవలసి వస్తుంది. నేను కత్తి తీసుకుని ఆ పల్లెకు పోతానని రెండుసార్లు బయలుదేరితే, అమ్మ రెండుసార్లూ నడుము పట్టుకుని ఆపింది. మొవ్వులు పోయిన చెట్లు నాలుగైదు నెలలు పచ్చగానే ఉండి, ఒక్కొక్క మట్టే ఎండి రాలుతూ, చివరికి పెరడంతా మొండి స్తంభాలతో నిండిపోయింది. చిన్నాన్న నుంచి ఉత్తరం లేదు, కబురు లేదు.

ఆరేళ్లకు ఆయన భార్య, మా పిన్ని, వచ్చింది. నుదుట బొట్టు లేదు. గుజరాత్ దగ్గర సముద్రంలోనే పోయాడని, శవం కూడా రాలేదని చెప్పి, ఆయన వస్తువు ఏదైనా ఉంటే చేత్తో పట్టుకుందామని వచ్చానంది. నాన్న, నేను గోలెం జరిపి వల తీశాం. ఉతికి మడిచిన లుంగీ, చొక్కా, సూది పిన్ని ముందు పెట్టాం. లుంగీని మొహానికి హత్తుకుని చాలాసేపు కూర్చుంది. తరవాత వల చేతిలోకి తీసుకుంది, మూల ముడి దగ్గర ఆగిపోయింది.

"ఇది మాది కాదు, బావగారూ."

నాన్న వంగి ముడి వైపు చూశాడు.

"మా ముడి ఇలాగుండదు. ఈ ఎర్రగుడ్డ అవతలోల్లది. ఇది నాను ముట్టుకోకూడదు," అని వలను దూరంగా జరిపి, మిగిలినవి కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

నాన్న ఆ రాత్రి భోజనం చేయలేదు. పొద్దున్నే వలను భుజాన వేసుకుని నడిచాడు, వెనక నేను. ఆ పల్లెలో ఇసక మీద తెప్పకు తారు రాస్తున్న ఆ యజమాని ముందు వల దించాడు.

"నీదేనంట. తీసుకో."

ఆయన చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఆయన మాత్రం మూల ముడి వెతికి, బొటనవేలితో తడిమాడు. "మా తమ్ముడేసిన ముడి," అన్నాడు. నీళ్లలోంచి తిరిగి రాని కుర్రవాడు ఆయన తమ్ముడేనని మాకు తెలిసింది అప్పుడే. ముడి మీంచి వేలు తియ్యకుండానే, "అప్పుడే ఇచ్చుంటే ఇదంతా అయ్యీది కాదు కదా," అన్నాడు.

"అప్పుడిది నా నేస్తానిది. ఆడు పోనాడు. ఇంక నీదే."

ఆయన నాన్న చేతి వైపు చూశాడు, చూపు తిప్పుకున్నాడు. "సెట్లెన్ని పోనాయి?"

"సెప్పరా," అన్నాడు నాన్న నాతో.

"ఇరవై మూడు."

"సెట్లకి సెట్లిత్తాను. నీ సేతి ఏళ్లు మాత్రం నావల్ల కాదు."

తిరిగి వస్తుంటే నాన్న ఒక్కటే మాట అన్నాడు. "మరి నీళ్లల్లో పోయిన ఆ గుంటడి లెక్కెవుడు తీరుత్తాడురా?" ఒక నేస్తం చేసింది రెండో నేస్తం నెత్తిన కూడా పడుతుందన్నది ఆయన నమ్మకం. ఆ కుర్రవాడి వల చిన్నాన్న చేతికి ఎలా వచ్చిందో ఇద్దరికీ అర్థమైంది. ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తెప్ప యజమాని మాట నిలబెట్టుకున్నాడు. ప్రతి వానాకాలమూ రెండేసి కొబ్బరి మొక్కలు కావడిలో మోసుకొచ్చి, గొయ్యి తనే తవ్వి, నాటి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లేవాడు. అమ్మ ఆ చెవి మీదికి ముసుగు లాక్కుని మజ్జిగ ఇచ్చేది. అలా ఏడేళ్లు. ఎనిమిదో ఏడు రాలేదు. కిడ్నీలు పాడయ్యాయన్నారు, ఇంటింటా ఆ జబ్బే ఉన్న ఉద్దానంలో ఆ మాట చెప్పాక ఇంకేమీ అడగరు. ఆయన కొడుకులు గుజరాత్ వెళ్లిపోయారు. నాన్న, అమ్మ కూడా పోయారు. ఆ మొక్కలన్నీ ఇప్పుడు కాపుకొచ్చాయి.

ఇప్పుడు నేస్తం కట్టేవాళ్లు లేరు. ఇంటికొచ్చినవాళ్లు ఏదైనా మరిచిపోతే పారెయ్యండి అంటారు. పారెయ్యండి అనగలిగే చోట ఎవరి వేళ్లూ తెగవు, ఏ ఆవూ కాలదు. అది మంచిదేనని నాకు తెలుసు. అయినా ఆ ఛార్జరు ఇంకా బీరువా మీదే ఉంది.

సాయంత్రాలు పెరట్లో కూర్చుంటే ఎదురుగా ఆ చెట్లు కనిపిస్తాయి, కళ్లు వాటంతటవే లెక్క మొదలుపెడతాయి. వచ్చినవి పద్నాలుగు. ఇంకా రావలసినవి తొమ్మిది. మేము ఇవ్వవలసింది ఒక మనిషి.