ఆళ్లగడ్డలో దిగని రెండో జేమ్స్

ఇంగ్లండు రాజులు అమెరికాలో పెంచుకుంటూ వచ్చిన పదమూడు వలసలనూ కడపలో ఒక్క కేకతో కాపాడినవాణ్ణి నేను. ఆ కేక వేయకపోయి ఉంటే మా కోడలికి లెక్చరర్ ఉద్యోగం వచ్చేది కాదు. మా వీధిలో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. వాళ్లకు చెప్పింది నేనే కనుక.

మా కోడలు చరిత్ర చదివింది. కర్నూలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పేది. చరిత్రలో చేరే పిల్లలు తగ్గిపోయారని ఆ గ్రూపునే ఎత్తేశారు. ఆ తర్వాత రెండు మూడు కాలేజీలకు వెళ్లింది. ప్రతిచోటా పాఠం చెప్పి చూపించమనేవాళ్లు. కొత్త మనుషుల ముందు నిలబడగానే కంగారులో ముందు రావలసింది వెనక, వెనక రావలసింది ముందు వచ్చేది. కడప నుంచి పిలుపు వచ్చిననాడు ఇంట్లో అందరి ముందూ తేల్చి చెప్పింది.

"ఇది గూడా కాకపోతే మళ్లా నన్ను అడగొద్దండి. చీరల అంగట్లో రమ్మంటాండారు. పోయి చేరతా."

ఊరికే అనే మనిషి కాదు. పుస్తకాలు సర్దడానికి అట్టపెట్టె అప్పటికే తెచ్చి మంచం కింద పెట్టింది. ఊడ్చినప్పుడల్లా దాన్ని బయటికి లాగి, మళ్లీ లోపలికి తోసేది. ఆ చప్పుడు వినగానే నేను లేచి వీధిలోకి వెళ్లిపోయేవాణ్ణి.

పాఠం ఏమిటో ముందురోజు ఫోనులో చెప్పారు. ఇంగ్లండు రాజులు, అమెరికా వలసల ఎదుగుదల. సాయంత్రం జొన్నరొట్టెలు తడుతూ పైకే చెప్పుకుంటోంది. ఇద్దరు జేమ్సులు, ఇద్దరు చార్లెసులు, ముగ్గురు జార్జులు.

"అంత రాజ్యం ఏలినోళ్లకు పేర్లు కరువైనాయా?" అన్నాను.

"నీకు నవ్వులాట మామా. నాకు అంతా తెలుసు. నిలబడితేనే ఎవురెనక ఎవురో కలిసిపోతాండారు."

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. కర్నూలు నుంచి కడప దాకా ముప్పై ఏళ్లు ఊర్లు పిలిచిన గొంతు నాది. "రాజుల్ని బస్సెక్కిద్దాం. ఒక్కొక్కరిని ఒక్కో ఊర్లో దింపుదాం. కలిసిపోతే అడుగు" అన్నాను. రొట్టె పెనం మీద మాడుతుంటే కూడా ఆమె వింది.

కర్నూలు బస్టాండులో ఎలిజబెత్ రాణి. ఆమె మనుషుల్ని పంపింది గానీ కాపురం నిలబడలేదు. బండి ఇంకా స్టాండు దాటలేదన్న మాట. ఓర్వకల్లు రాళ్ల దగ్గర మొదటి జేమ్స్. పొగాకు వాసన గిట్టని రాజు, అతని కాలంలో వేసిన వలస నిలదొక్కుకున్నది పొగాకుతోనే. పాణ్యంలో మొదటి చార్లెస్, తల పోగొట్టుకున్నాడు. నంద్యాలలో డ్రైవరు టీకి దిగుతాడు, సీటు ఖాళీ. అది రాజు లేని కాలం. శిరివెళ్లలో రెండో చార్లెస్, డచ్చివాళ్ల ఊరు లాక్కుని తమ్ముడికి ఇస్తే అది న్యూయార్కు అయింది. ఆళ్లగడ్డలో ఆ తమ్ముడే, రెండో జేమ్స్. చాగలమర్రిలో విలియం, మేరీ జంటగా దిగుతారు. దువ్వూరులో ఆన్ రాణి. మైదుకూరు, ఖాజీపేట, చెన్నూరు ముగ్గురు జార్జులకు. చెన్నూరు దాటితే కడప, అక్కడ వలసలు చేయి దాటిపోతాయి. ఊర్లూ రాజులూ అంత చక్కగా సరిపోయేసరికి నాకే ఆశ్చర్యం వేసింది. ఆమె మొహంలో చాలా రోజుల తర్వాత కొంచెం వెలుగు చూశాను.

మర్నాడు పొద్దున్నే బస్సు ఎక్కాం. పదకొండుకు పాఠం. ప్రతి ఊరు రాగానే ఆమె కిటికీలోంచి బోర్డు చూసి, కళ్లు మూసుకుని, ఆ రాజు సంగతులన్నీ పెదవులతో చెప్పుకునేది. పాణ్యం దగ్గర నాపరాళ్ల లారీ ఒకటి రోడ్డుకు అడ్డం తిరిగి చాలాసేపు నిలిపేసింది. నంద్యాలలో డ్రైవరు టీకి దిగినవాడు ఎంతకీ రాలేదు. ఆమె వాచీ చూసుకుంటోంది. చీర కొంగు చివర వేలికి చుట్టి చుట్టి వేలు తెల్లబడింది.

"మామా, ఈ రాజు లేని కాలం ఇంకా అయిపోలేదా?"

"వస్తాండాడులేమ్మా, సిగరెట్టు పారేసినాడు."

శిరివెళ్ల దాటాక బస్సు ఆళ్లగడ్డ ఊరివైపు మళ్లకుండా నేరుగా బైపాసు ఎక్కింది. నేను లేచి కండక్టరు దగ్గరికి వెళ్లాను. కుర్రవాడు.

"ఏమప్పా, ఆళ్లగడ్డ లోపలికి పోదా బండి?"

"దిగేటోళ్లు ఎవురూ లేరు పెద్దాయనా. లేటయింది. బైపాసే."

"మాకు కావల్ల."

"దిగుతారా?"

"దిగం. చూసుకోని పోతాం."

వాడు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎవురుండారు ఆడ, చుట్టాలా?"

"రెండో జేమ్సు."

"ఫోను చేసి రోడ్డు కాడికి రమ్మను" అని వాడు టిక్కెట్లు కొట్టుకోవడానికి వెళ్లిపోయాడు.

ముప్పై ఏళ్లు అన్నాను కదా. ఆ దారిలో నేను పనిచేసింది ఏడెనిమిదేళ్లే, తక్కినదంతా మంత్రాలయం బండి. అదీ ఈ బైపాసు లేని రోజుల్లో. బస్సు ఊర్లోకి పోకపోవచ్చునని నాకు తట్టనేలేదు.

తిరిగి వచ్చి కూర్చునేసరికి ఆమె చాగలమర్రి బోర్డు చూస్తోంది. "రెండో చార్లెస్ అయినాక విలియం, మేరీ" అంది. ఆగి, నా వైపు తిరిగింది. "మధ్యలో యాడో ఖాళీగా ఉండాది మామా."

"ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ" అన్నాను. "ఉత్తరాది వలసలన్నీ ఒకే గవర్నరు కింద కట్టిపడేసినాడే, ఆయప్ప."

"ఔ" అంది గానీ గొంతులో బలం లేదు. అక్కడి నుంచి కడప దాకా ఇంకేమీ వల్లె వేయలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. పొరపాటు నాదని నాకు తెలుసు. ఏం చెప్పినా ఇంకో రాజు జారిపోతాడేమోనని టిక్కెట్లు మడతలు పెడుతూ కూర్చున్నాను.

ఆటో దిగి కాలేజీలో అడుగుపెట్టేసరికి ఆమె పేరు పిలుస్తున్నారు. వెనక బెంచీలో కూర్చుని పాఠం విన్నానని వీధిలో చెప్పాను. అది సాగదీసిన మాట. అటెండరు నన్ను వరండాలోనే ఆపేశాడు. కిటికీ పక్కన నిలబడ్డాను. లోపల ఫ్యాన్ల మోత, బయట జనరేటరు మోత, మాట సగమే వినబడుతోంది. ముందు వరుసలో ప్రిన్సిపాలు, ఇంకో ఇద్దరు. వెనక పిల్లలు.

మొదలు బాగానే పెట్టింది. నల్లబల్ల మీద సముద్రం గీసింది. పొగాకు దగ్గర పిల్లలు నవ్వారు. చార్లెస్ తల దగ్గర నిశ్శబ్దం. న్యూయార్కు కూడా వచ్చేసింది. ఆ తర్వాత ఏదో అని, ఆగిపోయింది.

సుద్దముక్క చేతిలో అలాగే ఉంది. పిల్లల వైపు చూస్తోంది. పెదవులు కదలడం లేదు. ప్రిన్సిపాలు కాగితం మీద ఏదో రాశాడు. పక్కాయన గడియారం వైపు చూశాడు. నాకు మంచం కింద అట్టపెట్టె కళ్లముందు కనబడింది. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకున్నాను. ఆమె ఇంకా అలాగే ఉంది.

కిటికీ ఊచలు పట్టుకుని, బస్టాండు అంతా వినబడే పాత గొంతుతో అరిచాను.

"ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ. దిగేటోళ్లు దిగాల."

పిల్లలు గొల్లుమన్నారు. ఆమె ఒక్కసారి కిటికీ వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను. అటెండరు నా రెక్క పట్టుకుని గేటు దాకా నడిపించాడు. "ఏంది పెద్దాయనా, కాలేజీ అనుకుంటివా, బస్టాండనుకుంటివా" అన్నాడు. నా కేకతో దారి దొరికి ఆమె చెన్నూరు దాకా ఆగకుండా పాఠం లాగించిందని వీధిలో చెప్పింది నేను చూసి చెప్పింది కాదు. గేటు బయట టీ అంగడిలో కూర్చుని, చల్లారిన గ్లాసు పట్టుకుని, లోపల ఏమవుతోందో తెలియక అటే చూస్తున్నాను.

ఆమె బయటికి వచ్చి, "పోదాం పా" అంది, అంతే.  తిరుగు బస్సు ఆళ్లగడ్డ లోపలికే వెళ్లింది. ఆమె బోర్డు వైపు తల కూడా తిప్పలేదు.

కొన్నాళ్లకు ఫోను వచ్చింది. వచ్చే నెల నుంచి చేరమన్నారు. అట్టపెట్టెలో ఇప్పుడు ఉల్లిగడ్డలు పోశాం. ఆ రోజు నుంచే నా కేక పెద్దదవుతూ వచ్చింది. చివరికి నేనే నమ్మాను, నమ్మి ఇదంతా రాశాను. రాసినది ఆమెకు చదవమని ఇచ్చాను. ఆమె నిలబడే చదివింది, కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది.

"నేనేం మర్చిపోలేదు మామా. రెండో జేమ్సు పారిపోయినాడని బోస్టనుకు కబురొచ్చింది, మీరైతే ఆయప్ప పెట్టిన గవర్నర్ను ఏం చేస్తారని పిల్లోళ్లను అడిగినా. జవాబు కోసరం ఆగినా. వెనక ఒక పాప చెయ్యి ఎత్తింది, లేసి చెప్పబోతాండాది, నువ్వు అరిసినావు. బెదురుకోని కూచునింది. మళ్లా ఆ పాపను లేపి చెప్పించేకొద్దికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ప్రిన్సిపాలు సారు ఆ పాప జవాబు మెచ్చుకోని ఉద్యోగం ఇచ్చినాడు. ఈసారి కడపకు నేనొక్కదాన్నే పోతా."