సమాధానం వచ్చేదాకా లేవని వదిన

మా వదిన ఎక్కడైనా కూర్చుందంటే, అడిగినదానికి సమాధానం వచ్చేదాకా లేవదు. ఆవిడ మా ఆయనకి అక్క, బళ్ళో లెక్కల టీచరు. ఒకసారి మిక్సీ ఎందుకు కాలిపోయిందో చెప్పమని రిపేరు షాపులో బైఠాయిస్తే, షాపతను షట్టరు సగం దించి, "మీకో దణ్ణం తల్లీ, కొత్తది పట్టుకెళ్ళండి" అన్నాడు.

"కొత్తది నాకెందుకయ్యా? పాతది ఎందుకు కాలిందో చెప్పు" అంది వదిన.

అలాంటి మనిషి దృష్టి నా నొప్పి మీద పడింది. నిలబడితే చాలు, పొత్తికడుపులో ఎడమపక్క పీకేసేది. వెళ్ళిన ప్రతి డాక్టరూ "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అనేవారే. వినీ వినీ, నొప్పి నేనే కల్పించుకుంటున్నానేమోనని నాకే అనుమానం వచ్చింది.

"ఈసారి నేనొస్తాను" అంది వదిన. నా గుండెల్లో రాయి పడింది.

డాక్టరమ్మ రిపోర్టులు తిరగేసి, "అన్నీ నార్మలే. మనసులో ఏదో దిగులుండి ఉంటుంది" అంది.

"దిగులు పడుకుంటే తగ్గి, నిలబడితే పెరుగుతుందాండీ?" అంది వదిన.

డాక్టరమ్మ పెన్ను ఆగింది. "పడుకుంటే తగ్గుతోందా? ఈ సంగతి చెప్పలేదే!"

"ఎవరూ అడగలేదండీ" అన్నాను.

"బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు" అని నర్సు తలుపులోంచి తొంగిచూసింది.

"వాళ్ళకీ కుర్చీలున్నాయిగా" అంది వదిన, కదలకుండా.

డాక్టరమ్మ, రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ రాసిచ్చాకే వదిన లేచింది. ఆ తర్వాత సీటీ స్కాన్ కూడా తీశారు. రక్తనాళాల డాక్టరు కాగితం మీద బొమ్మ గీశాడు. "ఎడమ కిడ్నీ నుంచి వచ్చే సిర రెండు ధమనుల మధ్య నలిగిపోతోంది. రక్తం ముందుకు పోలేక వెనక్కి మళ్ళి, పొత్తికడుపులో సిరల్ని ఉబ్బిస్తోంది. మీ నొప్పి అదే."

నాకు జబ్బుందని తెలిసి స్వీట్లు పంచాలనిపించింది!

"బాగా సన్నగా ఉన్నారు. కాస్త బరువు పెరిగితే లోపల కొవ్వు చేరి సిరకి చోటు దొరకొచ్చు" అన్నాడాయన. ఇంక చూడండి, పూటపూటా నా కంచం ఖాళీ అయ్యేదాకా వదిన ఎదురుగా కూర్చునేది. నేను పెరిగాను, మొహమాటానికి మా ఆయన కూడా పెరిగాడు. నొప్పి మాత్రం సగమే తగ్గింది. చివరికి ఆపరేషన్ చేసి, ఆ సిరని నలగని చోటుకి మార్చి కలిపారు.

మెలకువ వచ్చేసరికి పక్కన కుర్చీలో వదిన. నర్సు వాదించి ఓడిపోయినట్టుంది, ఆవిడ వీపు వెనక ఒక దిండు కూడా పెట్టింది.

"ఇంత మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చింది వదినా మీకు?"

"నీ వయసులో నాకూ కడుపునొప్పి ఉండేది. ఏమీ లేదన్నారు. మర్యాదగా లేచి వచ్చేశాను. గర్భసంచిలో గడ్డ అని తేలేసరికి ఏళ్ళు పట్టింది. అప్పట్నుంచి లేవడం మానేశాను" అంది నా దుప్పటి సర్దుతూ.

ఇంతలో డాక్టరు వచ్చి నన్ను చూసి, "అంతా బాగుంది. మీరింక ఇంటికి వెళ్ళి పడుకోండమ్మా" అన్నాడు వదినతో.

"బాగుందంటే?" అంది వదిన.

ఆయన నవ్వి, ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.