నిద్రంటే భయపడిన మా బావ

మా బావ క్రేన్ నడుపుతాడు. కడుతున్న మేడకన్నా ఎత్తున, ఇనుప స్తంభం నెత్తి మీద, కాళ్ళు చాపుకోవడానికి కూడా చోటులేని అద్దాల గదిలో పొద్దున్నే ఎక్కి కూర్చుంటే మళ్ళీ భోజనానికే దిగుతాడు. నేను కింద నిలబడి, బరువు ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో వాకీటాకీలో చెబుతాను. ఆయన మా అక్క మొగుడు. కాబట్టి నన్ను తిట్టే హక్కు ఆయనకుంది, ఎగతాళి చేసే హక్కు నాకుంది. ఇద్దరం ఎవరి హక్కును వాళ్ళం బాగానే వాడుకుంటాం.

మా పనిలో ఒక పద్ధతుంది. నేను చెప్పిన మాటను ఆయన తిరిగి పలికాకే చెయ్యి కదపాలి. నేను ‘దించు’ అంటే ఆయన ‘దించుతున్నా’ అనాలి. ‘ఆపు’ అంటే ‘ఆపుతున్నా’ అనాలి. ఆ జవాబు చెవిన పడితేనే కింద పనివాళ్ళు ధైర్యంగా బరువు దగ్గరికి వస్తారు. మా బావ జవాబంటే రాతి మీద గీత అని సైటులో పేరు.

అలాంటి మనిషి నిద్ర మానేశాడు.

అక్కకి ముందొక బాబు పుట్టాడు. పాలు తాగి, నవ్వి, పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. ఎవరి తప్పూ కాదన్నారు డాక్టర్లు. అక్క ఏడ్చి ఏడ్చి చివరికి ఆ మాట నమ్మింది. బావ నమ్మలేదు. ఆ రాత్రి పక్కనే పడుకుని తను నిద్రపోయాడు కదా, అదే తప్పని పట్టుకు కూర్చున్నాడు. చాలా ఏళ్ళకి ఇప్పుడు పాప పుట్టింది. పుట్టిన దగ్గర్నుంచి ఆయన రాత్రంతా తొట్టి పక్కన కుర్చీ వేసుకుని, పాప పొట్ట పైకీ కిందికీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చుంటున్నాడు. తెల్లవారితే మొహం కడుక్కుని క్రేన్ ఎక్కుతున్నాడు.

“కాస్త పడుకో బావా” అంటే, “నిద్రదేముందిరా, చచ్చాక కావలసినంత పోవచ్చు. నా వాటా కూడా నువ్వే కానిస్తున్నావుగా కుంభకర్ణా” అనేవాడు.

మొదట నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. టీలో చక్కెర వేసుకుని, మరిచిపోయి మళ్ళీ వేసుకునేవాడు. హెల్మెట్ నెత్తిన పెట్టుకుని హెల్మెట్ కోసం వెతికేవాడు. ఎన్నడూ కసురుకోని మనిషి అయినదానికీ కానిదానికీ చిర్రుబుర్రులాడేవాడు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా, ఒకరోజు సిమెంటు బస్తాకి ఆనుకుని, నోట్లో అన్నం ముద్ద ఉండగానే కునుకు తీశాడు.

ఆ రోజు ఇనుప చువ్వల కట్ట దించుతున్నాం. స్లాబు మీద చువ్వలు కట్టే పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. నెత్తిన తుండు, చేతిలో బైండింగ్ తీగ, పనిలో దిగితే పిడుగు పడ్డా తలెత్తడు. కట్ట మనిషెత్తుకి వచ్చాక “ఆపు” అన్నాను.

“ఆపుతున్నా” అన్నాడు బావ.

ఆ మాట విని పెద్దాయన కట్ట కిందుగా వంగి, కట్ట ఆనే చెక్క దిమ్మలు సర్దడానికి చేతులు చాపాడు. కట్ట ఆగలేదు. మెల్లగా, చెప్పిన పని చేస్తున్నంత బుద్ధిగా దిగుతూనే ఉంది. నేను గొంతు చించుకుని అరిచాను, పరుగెత్తి పెద్దాయన చొక్కా పట్టి వెనక్కి లాగాను. ఇద్దరం పడ్డాం. ఆయన చేతులుండాల్సిన చోట దిమ్మ ఒకటి పుటుక్కున విరిగింది.

భోజనానికి దిగినప్పుడు బావని నిలదీశాను.

“ఆపుతున్నా అన్నాను కదరా! నువ్వు వినలేదా?”

“అన్నావు. ఆపలేదు.”

“అంటే నేను అబద్ధమాడుతున్నానా? కింద నిలబడేవాడివి నాకు పని నేర్పుతావా?”

ఆయన అబద్ధమాడటం లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆపానని నిజంగానే నమ్ముతున్నాడు. సూపర్‌వైజరు దగ్గరికి పోతే, “జవాబు నేనూ విన్నానయ్యా. తాడు కాస్త జారి ఉంటుంది. కాంక్రీటు బండి దారిలో ఉంది, మీ బావాబావమరుదుల సరసాలు సాయంత్రం పెట్టుకోండి” అన్నాడు. మా పద్ధతే మా కొంప ముంచేలా ఉంది. మాట సరిగ్గా వినబడుతోంది, నిద్రలోనే పలుకుతున్నాడని ఇంకెవరికి అనుమానం వస్తుంది?

బావ మళ్ళీ ఎక్కాడు. నేను పనివాళ్ళందర్నీ అవతలికి పంపి, బరువేదీ తగిలించకుండా, ఖాళీ కొక్కేన్ని ఖాళీ స్థలం మీదికి తిప్పించాను. సూపర్‌వైజరు పళ్ళు కొరుకుతున్నాడు. చువ్వల పెద్దాయన మాత్రం నా పక్కనే నిలబడ్డాడు. బావ బతుకు కోరేది బావమరిది అని ఊరికే అనలేదు, కానీ ఆ బతుకు కోరడానికి ఇలాంటి పని చెయ్యాల్సి వస్తుందని ఎవరూ చెప్పలేదు నాకు.

“దించు.”

“దించుతున్నా.” కొక్కెం దిగుతోంది. గొంతు చప్పగా, ఎక్కడా ఎత్తూపల్లం లేకుండా ఉంది.

“పాపని దించు బావా.”

“పాపని దించుతున్నా.”

మెలకువగా ఉంటే తిట్టేస్తాడనే ఆశపడ్డాను.

“పాపని వదిలెయ్.”

“పాపని వదిలేస్తున్నా.”

సూపర్‌వైజరు నడుముకున్న వాకీటాకీలోంచి కూడా అదే మాట వచ్చింది. ఆయన పళ్ళు కొరకడం ఆగిపోయింది. “ఆపు” అన్నాను. “ఆపుతున్నా” అన్నాడు. కొక్కెం నేలకి తగిలి పక్కకి ఒరిగింది, దాని మీద తాడు చుట్టలుచుట్టలుగా పడసాగింది. బావా అని ప్రాణం పోయేలా అరిచాక గానీ ఆగలేదు.

“ఏంట్రా ఆ కేకలు? ఆపానుగా!”

“అంతకు ముందేమన్నావు?”

“దించుతున్నా అన్నాను.”

“ఏం దించుతున్నావు?”

ఆ మాట నేను చెప్పలేకపోయాను. చువ్వల పెద్దాయన నా చేతిలోంచి వాకీటాకీ తీసుకుని, చాలా నెమ్మదిగా అన్నాడు. “నాయనా, నీ పాపని వదిలేస్తున్నానన్నావు. మేమందరం విన్నాం.”

వాకీటాకీలో ఏడుపు వినబడింది. మాట్లాడే బటన్ మీంచి వేలు తియ్యడం మరిచిపోయినట్టున్నాడు, సైటంతా ఆ ఏడుపు విన్నది.

నిద్రమత్తులో ఆ నిచ్చెన దిగితే మనిషి దక్కడు. “కదలకు, నేనొస్తున్నా” అని నేనే ఎక్కాను. ఆయన బెల్టు నా చేత్తో తగిలించి, ఆయన కన్నా ఒక మెట్టు కింద ఉంటూ, “కుడికాలు బావా, ఇప్పుడు ఎడమకాలు” అంటూ దింపాను. నిచ్చెన మధ్యలో ఉన్న ఇనుప అరుగు మీద ఆగితే, కడ్డీ పట్టుకునుండగానే కళ్ళు మూశాడు. తట్టి లేపాను.

ఇంటికి వెళ్ళగానే ఏదీ దాచకుండా తనే అక్కకి చెప్పాడు. అక్క పాపని భుజాన వేసుకుని విన్నది. ఓదారుస్తుందనుకున్నాను.

“ఒకణ్ణి పోగొట్టుకున్నాను” అంది. “మిమ్మల్ని కూడా పోగొట్టుకోమంటారా? ఎవరో పెద్దాయన్ని వాళ్ళింటివాళ్ళు పోగొట్టుకోవాలా? మీరు కాపలా కాస్తేనే దానికి ఊపిరి ఆడుతోందా?”

“నేను పడుకున్నప్పుడే కదా వాడు...”

“నేనూ పడుకునే ఉన్నానండీ. నన్నెప్పుడైనా తప్పుపట్టారా?”

బావ చంటిపిల్లాడిలా వెళ్ళి మంచం మీద పడుకున్నాడు. “నేను చూస్తానులే దాన్ని” అన్నాను. “నువ్వా, కుంభకర్ణుడివి” అనబోయి, మాట పూర్తికాకుండానే నిద్రలోకి జారిపోయాడు. సాయంత్రం పాప ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. ఆయన కదల్లేదు.

కొన్నాళ్ళు సెలవు పెట్టి, అది అయ్యాక మళ్ళీ క్రేన్ ఎక్కాడు. రాత్రుళ్ళు అక్కా ఆయనా వంతులు వేసుకున్నారు, పిల్లల డాక్టరుతోనూ మాట్లాడారు. భయం పూర్తిగా పోయిందని చెప్పను, అది పోయే భయం కాదు. ఆయన నిచ్చెన దగ్గరికి రాగానే చువ్వల పెద్దాయన రోజూ అడిగేవాడు, “నిద్రపోయావా నాయనా?” అని. “పోయాను” అనేవాడు బావ. ఒళ్ళు తేరుకుంది, కసురుకోవడం తగ్గింది, నన్ను ఎగతాళి చెయ్యడం ఎక్కువైంది.

ఒకరోజు పొద్దున పెద్దాయన అలాగే అడిగాడు. బావ నిచ్చెన వంక చూశాడు. కాంక్రీటు బండి గేటు దగ్గర గిర్రున తిరుగుతోంది, మనుషులు పారలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు, సూపర్‌వైజరు గడియారం చూసుకుంటున్నాడు.

“లేదు” అన్నాడు బావ. “పాపకి జ్వరం. ఇద్దరం రాత్రంతా మేలుకునే ఉన్నాం.”

“పాపకెలా ఉంది?”

“తగ్గింది.”

“ఇంత పని పెట్టుకుని ఇప్పుడా చెప్పడం?” అని సూపర్‌వైజరు మీదికొచ్చాడు. బావ తల దించుకున్నాడు, కానీ హెల్మెట్ తీసి కింద పెట్టేశాడు. ఇంకో డ్రైవరుకి కబురు పెట్టడానికి సూపర్‌వైజరు విసుక్కుంటూ పోయాడు.

చువ్వల పెద్దాయన నెత్తిన తుండు తీసి, దులిపి, నీడలో ఉన్న చెక్క బల్ల మీద పరిచాడు. “పడుకో” అన్నాడు. “నిన్నెవడు లేపుతాడో నేను చూస్తా.” బల్ల పక్కనే గొంతుక్కూర్చుని, చప్పుడు కాకుండా తీగ ముక్కలు వంచుకోసాగాడు.