మద్దికెర మూట

మా మేనత్త పోయిందని మంగళవారం పొద్దున హాలహర్వి నుంచి కబురు వచ్చింది. ఆమె చూడాలని ఎదురుచూసిన పత్తి మొక్కలు అప్పటికి నడుమెత్తు పెరిగాయి.

నేను ఆదోనిలో పత్తి మిల్లు గుమాస్తాను. అత్తకు చదువు రాదు. ఏ ఊరికి పెళ్లికి పోయినా అక్కడి ముంగారి పత్తి, అంటే మా నాటు పత్తి, నాలుగు కాయలు కొంగున కట్టుకొని వచ్చేది. గింజలను ఊరికో గుడ్డమూటలో దాచేది. మాధవరం మూటకు ఒక ముడి, హాలహర్విదానికి రెండు, మద్దికెరదానికి మూడు.

ఒక వేసవిలో నేను ఆ మూటలన్నీ విప్పి ఒకే డబ్బాలో పోసి, ‘నాటు పత్తి’ అని చీటీ అంటించాను. సాయం చేశాననుకున్నాను.

“ఎంత పని చేసినావప్పా! ఊర్లో అందర్నీ ఒకే పేరు పెట్టి పిలుస్తారా యాడన్నా?” అంది. తిట్టినంతసేపు తిట్టి, ఆ గింజలు నాతోనే విత్తించింది. “ఆకు సూసి, పువ్వు సూసి మళ్లా ఏరుకుంటా. నువ్వు మాత్రం సెయ్యి పెట్టొద్దు.”

ఆ ఏడు ముసురు పట్టి ఆకుల అడుగున తెల్లని పొడి లేచింది. తెగులు. చేనంతా ఆకు రాలుతుంటే అక్కడొకటి ఇక్కడొకటి పచ్చగా నిలిచాయి. అత్త వాటికి ఎర్రదారం కట్టింది. పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సారు ఆ ఆకులు తిప్పి చూసి ఎగిరి గంతేసినంత పని చేశాడు. వీటిని మంచి దూది ఇచ్చే రకంతో కలిపి చూద్దామన్నాడు.

“ఏ ఊరి విత్తనమమ్మా ఇది?”

“మా గుమాస్తాను అడుగు సామీ, కలిపింది ఆయప్పే,” అని నావైపు చూసి నవ్వింది. తర్వాత ఆకు తడిమి తేల్చింది. “మద్దికెరది. గింజ తీస్కపోండి. దీని బిడ్డల్ని నా సేన్లోనే ఎయ్యాల. నేను సూడాల.”

ఆ బిడ్డల బిడ్డలే ఈ ఏడు అత్త చేన్లో వేసినవి. తెగులు వస్తే కొన్నే తట్టుకోవచ్చు, ఒక్కటీ తట్టుకోకపోవచ్చు అని సారు ముందే చెప్పాడు. ప్రతి ఆదివారం నేను పోతే అత్త మంచంలోనుంచే అడిగేది: “పొడి లేసిందా?” ఇంకా లేవలేదని చెప్పేవాణ్ణి.

మూడో రోజు కార్యం అయ్యాక చేనికి పోయాను. పొడి లేచి ఉంది. మొదటి మొక్క ఆకు తిప్పాను. తెలుపు. రెండోదీ తెలుపే. మూడోది కడిగినట్టు పచ్చగా ఉంది! ఇంటినుంచి తెచ్చుకున్న అత్త ఎర్రదారపు ఉండ నా జేబులోనే ఉంది. ఒక ముక్క తెంపి కట్టాను. నాలుగు మొక్కల అవతల ఇంకొకటి. పక్క సాల్లో రెండు. పరుగులాంటి నడకతో తిరిగాను.

సగం చేను కాకముందే దారం అయిపోయింది. ముందర పచ్చని మొక్కలు ఇంకా కనిపిస్తున్నాయి. భుజం మీది తువ్వాలు తీసి అంచు చించడం మొదలుపెట్టాను.