తూటా తగిలిన వియ్యంకుడు

పంతొమ్మిది వందల అరవైల చివర్లో మైపాడు వెళ్లే బస్సులో, కుంటుతున్న ఒకాయనను తోటిమనిషి జాగ్రత్తగా ఎక్కించి నా పక్కన కూర్చోబెట్టాడు. కాలికేమైందని అడిగాను.

“తెలంగాణ పోరాటంల నేను దళంల ఉన్న. అప్పుడు ఈ బావ పోలీసు. నన్ను కాల్చింది ఈయనే,” అన్నాడాయన నవ్వుతూ.

రెండో ఆయన తల దించుకున్నాడు. “ఆస్పత్రికి మోసుకుపోయింది కూడా నేనే సార్. ఈయన జైలు నుంచి వచ్చేసరికి ఇల్లు కూలిపోయుంటే, పెళ్లాంబిడ్డలతో మా ఊరికి పిలుచుకొచ్చినా.”

ఇప్పుడు వాళ్లు వియ్యంకులు. మా వరంగల్లు పల్లెల్లో ఆ రెండు పక్షాలవాళ్లు ఇప్పటికీ ఒకరింట ఒకరు మంచినీళ్లు తాగరు.

“పిల్లనిస్తానని చెప్పనీకి వచ్చి మా గడప కాడనే నిలబడ్డడు,” అన్నాడు దళం మనిషి. “నా భార్య చాప పరిచి, ‘లోపలికి రా అన్నా. అన్న కూతురు నాకు కోడలు కాక ఇంకేమవుతది?’ అన్నది.”